అప్‌డేట్: చర్చి పెళ్లి, పేబెక్ ఫొటోలు ఎలా వచ్చాయంటే

లాస్ ఏంజెలెస్‌లో చర్చి వివాహాన్ని, ఆ వెంటనే ఒక చిన్న గదిలో జరిగే కొరియన్ ‘పేబెక్’ను (కొత్త దంపతులు పెద్దలకు నమస్కరించి దీవెనలు అందుకునే తంతును) ఒక్కడినే ఎలా చిత్రించాలని అడిగిన నాకు, కాస్త వెడల్పుగా చూపే 35 ఎం.ఎం. లెన్సుతో నేల మీద కూర్చోమన్న సలహాయే అక్కరకు వచ్చింది. హాన్‌బోక్ (కొరియన్ సంప్రదాయ దుస్తులు) ధరించిన దంపతులు పెద్దలకు నేల దాకా వంగి నమస్కరించినప్పుడు, నిలబడి తీసి ఉంటే వధువు తల మీది చిన్న కిరీటం తప్ప ముఖం కనిపించేది కాదు. పెద్దలు విసిరే ఎండు రేగుపండ్లను, చెస్ట్‌నట్‌లను జంట తెల్లని వస్త్రం చాచి పట్టుకునే క్షణానికి షట్టర్ వేగాన్ని సెకనులో 500వ వంతుకు పెంచి వరుసగా తీశాను. ఎన్ని పడితే అంతమంది పిల్లలని వారి నమ్మకం కనుక, వస్త్రంలో పడినవాటిని విడిగానూ తీశాను. (తలంబ్రాలు తీసిన చేతికి ఇది కొత్తేమీ కాదు.) వెనుకనున్న మడత తెర మీద ఫ్లాష్ మెరవడంతో మొదటి నాలుగు ఫొటోలు పాడయ్యాయి, తరువాత ఫ్లాష్‌ను పైకప్పు వైపు తిప్పాను.