కొత్తగా నేర్చుకునేవారు వర్చువల్ మెషీన్‌తో మొదలుపెట్టాలా, నేరుగా కంటైనర్లకు వెళ్లాలా?

అంకురం:
అందరికీ నమస్కారం. నేను డిగ్రీ పూర్తిచేసి అమీర్‌పేటలో సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ శిక్షణలో చేరి మూడు వారాలైంది. మొదటి తరగతిలో మా సార్ ‘ఒక సర్వర్‌ను పది సర్వర్లుగా వాడుకోవడమే వర్చువలైజేషన్’ అని ఒక్క వాక్యంలో తేల్చేసి, రెండో తరగతికే కంటైనర్లను కట్టి నడిపే డాకర్‌లోకి వెళ్లిపోయారు. ఆయన చెప్పిన ఆదేశాలు కొడితే పనిచేస్తున్నాయి, కానీ ఎందుకు పనిచేస్తున్నాయని ఎవరైనా అడిగితే నాకు నోరు పెగలదు. హాస్టల్‌లో ఒక సీనియర్ వర్చువల్ మెషీన్ల (యంత్రం లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టే మరో యంత్రాల) సంగతి ముందు తెలుసుకోమంటున్నారు. ఇంకొకరు అది పాతకాలపు చదువని కొట్టిపారేస్తున్నారు. నా ల్యాప్‌టాప్‌లో విండోస్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. దేనితో మొదలుపెట్టాలి? ఇంకొక సందేహం కూడా ఉంది: విండోస్ నడుస్తున్న యంత్రంలోనే లినక్స్ కూడా ‘ఈ యంత్రం నాదే’ అనుకుంటూ ఎలా నడవగలుగుతుంది?

పాత అడ్మిన్:
అంకురం గారూ, మీ రెండో సందేహం తీరితే మొదటి ప్రశ్న సగం తీరినట్టే కాబట్టి అక్కడి నుంచే వస్తాను.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యంత్రమంతా తనదేనన్న నమ్మకంతో రాసిన ప్రోగ్రామ్. మెమరీ పట్టికలను మార్చడం, ఇంటరప్టులను (పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలను) ఆపడం వంటి కొన్ని పనులను ప్రాసెసర్ దానికొక్కదానికే అనుమతిస్తుంది. మామూలు ప్రోగ్రామ్ అలాంటి ఆదేశం ఇస్తే ప్రాసెసర్ అక్కడికక్కడ దాన్ని నిలిపి, అధికారం ఉన్న కెర్నెల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు, అప్పగిస్తుంది. వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్ అనే ప్రోగ్రామ్ ఆ అధికార పీఠం మీద తాను కూర్చుని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒక మెట్టు కిందికి దించుతుంది. కిందికి దిగిన లినక్స్ ‘ఇంటరప్టులు ఆపు’ అన్నప్పుడు కబురు హైపర్‌వైజర్‌కు చేరుతుంది. అది యంత్రమంతటికీ ఇంటరప్టులను ఆపకుండా, ఆ ఒక్క అతిథికి (తన మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు) మాత్రం ఆగినట్టు లెక్క రాసుకుని, మళ్లీ దాన్ని నడవనిస్తుంది. అతిథికి తేడా తెలియదు.

ఈ పద్ధతి ఐబీఎం మెయిన్‌ఫ్రేములలో 1960ల నాటికే ఉంది. 1972లో వీఎం/370 పేరుతో ఆ సంస్థ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఏ యంత్రం మీద ఇది సాధ్యమో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు ఒక వ్యాసంలో సూత్రీకరించారు: యంత్ర స్థితిని మార్చగల, లేదా బయటపెట్టగల ప్రతి ఆదేశమూ అధికారం లేనివారి నోట వచ్చినప్పుడు తప్పనిసరిగా పట్టుబడాలి. మన ల్యాప్‌టాప్‌ల ఎక్స్86 ప్రాసెసర్లు దశాబ్దాల పాటు ఆ పరీక్షలో తప్పుతూనే వచ్చాయి. ఉదాహరణకు ‘పాప్‌ఎఫ్’ అనే ఆదేశాన్ని అధికారం లేని ప్రోగ్రామ్ ఇస్తే ప్రాసెసర్ దాన్ని పట్టుకోదు, ఇంటరప్టుల సంగతిని మాత్రం గప్‌చుప్‌గా వదిలేసి ముందుకు సాగిపోతుంది. పట్టుబడని దొంగను హైపర్‌వైజర్ ఎలా విచారిస్తుంది? వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ సంస్థ వీఎంవేర్ 1999లో ఈ చిక్కును, అతిథి కెర్నెల్ కోడ్‌ను నడుస్తుండగానే తిరగరాస్తూ దాటింది; 2003లో జెన్ అనే హైపర్‌వైజర్ బృందం అతిథి కెర్నెల్‌నే సవరించమంది. చివరికి 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్‌లోనే ఇందుకు ప్రత్యేకమైన ఏర్పాటు చేశాయి. మీ బయోస్‌లో (యంత్రం మొదలయ్యేటప్పుడు తెరవగల సెట్టింగులలో) ‘వర్చువలైజేషన్ టెక్నాలజీ’ పేరుతో కనిపించే మీట దానిదే.

ముందు ఒక వర్చువల్ మెషీన్‌ను మీ చేత్తో కట్టి, చెడగొట్టి, మళ్లీ కట్టండి. రెండు వారాలు చాలు. కంటైనర్లు ఎక్కడికీ పారిపోవు.

డాకర్ పక్షం:
పాత అడ్మిన్ గారి చరిత్ర పాఠం నాకు నచ్చింది, సలహా నచ్చలేదు. నేను హాజరైన ఇంటర్వ్యూలలో 1974 నాటి వ్యాసం గురించి ఎవరూ అడగలేదు. ‘ఈ అప్లికేషన్‌ను ఇమేజ్‌గా (కంటైనర్‌ను లేపే మూటగా) కట్టి నడిపి చూపించండి’ అని అడిగారు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో విండోస్ తన వాటా తాను తీసుకున్నాక రెండు వర్చువల్ మెషీన్లు తెరిస్తే యంత్రం మూలుగుతుంది. అదే కంటైనర్ అయితే రెప్పపాటులో లేస్తుంది. నాకు తెలిసిన ఇద్దరు కుర్రవాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే ఐఎస్ఓ ఫైలు దించుకోవడం, బ్రిడ్జి నెట్‌వర్క్ కుదరక కొట్టుకోవడం వంటి వాటితో మొదటి వారమంతా పోగొట్టుకుని, ఈ చదువే మనకు వద్దని టెస్టింగ్ వైపు వెళ్లిపోయారు. కంటైనర్ అంటే తేలికపాటి వర్చువల్ మెషీనే కదా, తేలికైనదానితో మొదలుపెట్టడంలో తప్పేముంది?

కెర్నెల్ కబుర్లు:
డాకర్ పక్షం గారూ, మీ చివరి వాక్యమే పాత అడ్మిన్ గారి వాదనకు సాక్ష్యంగా నిలుస్తోంది. కంటైనర్ తేలికపాటి వర్చువల్ మెషీన్ కాదు, కొన్ని ఆంక్షల మధ్య నడిచే మామూలు ప్రాసెస్ మాత్రమే. లినక్స్ కెర్నెల్‌లోని నేమ్‌స్పేస్‌లు అది ఏమి చూడవచ్చో నిర్ణయిస్తాయి, సీగ్రూప్‌లు అది ఎంత వాడుకోవచ్చో నిర్ణయిస్తాయి. కెర్నెల్ మాత్రం అందరికీ ఒకటే. ఒకే ఇంటిని నాలుగు వాటాలు చేసి, ప్రతి వాటాకూ సొంత వంటిల్లు, సొంత మీటరు పెడితే అది వర్చువల్ మెషీన్. నలుగురికీ ఒకే వంటిల్లు ఉండి ఎవరి గిన్నెలు వారివైతే అది కంటైనర్. వంటింట్లో గ్యాస్ లీకైతే ఎవరికి ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. తమ సర్వర్ల మీద ముక్కూమొహం తెలియని వారి కోడ్‌ను నడపవలసిన అమెజాన్ ఈ కారణంతోనే ఫైర్‌క్రాకర్ అనే చిన్న వర్చువల్ మెషీన్ ఏర్పాటును లినక్స్‌లోని హైపర్‌వైజర్ అయిన కేవీఎం మీద తయారుచేసి 2018లో బయటపెట్టింది.

ఇంకొక మాట. విండోస్‌లో మీరు నడిపే లినక్స్ కంటైనర్లకు లినక్స్ కెర్నెల్ ఎక్కడి నుంచి వస్తోంది? డాకర్ డెస్క్‌టాప్ మామూలుగా డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లో లినక్స్ నడిపే ఏర్పాటు) మీద నడుస్తుంది, డబ్ల్యూఎస్ఎల్ 2 విండోస్ సొంత హైపర్‌వైజర్ అయిన హైపర్‌-వీ సాంకేతికత మీద నడిచే వర్చువల్ మెషీన్. వద్దంటున్నదాన్నే మీరు రోజూ వాడుతున్నారు.

డాకర్ పక్షం:
పొరపాటు ఒప్పుకుంటున్నాను, ఒకే వంటిల్లు అన్న మాట గుర్తుంచుకుంటాను. అయితే మీరు చెప్పిన రెండో సంగతి నా వాదననే బలపరుస్తోందని మనవి. అడుగున వర్చువల్ మెషీన్ ఉందని తెలియకుండానే నేను మూడేళ్లు పని చేసి జీతం తీసుకున్నాను. గ్రైండర్‌లో మోటారు ఎలా తిరుగుతుందో తెలుసుకున్నాకే మా అమ్మ ఇడ్లీపిండి రుబ్బడం మొదలుపెట్టలేదు. కొత్తవారికి ముందు కళ్లెదుట ఏదో ఒకటి నడిచి కనిపించాలి. ఆ ఉత్సాహం లేకపోతే లోతు ఎంత ఉన్నా ఏం లాభం?

రాత్రి డ్యూటీ:
పన్నెండేళ్లుగా సర్వర్ గదిలో పనిచేస్తున్న మనిషిగా చెబుతున్నాను: గ్రైండర్ ఆగిపోయిన రోజు మెకానిక్‌ను పిలుస్తారు, సర్వర్ ఆగిపోయిన రాత్రి పిలిచేది మనల్నే.

వాటాల ఇంటి పోలిక కంటైనర్ల వరకు బాగుంది కానీ, వర్చువల్ మెషీన్ల విషయంలో అది ఒక ముఖ్యమైన సంగతిని దాచేస్తుంది. ఇంట్లో గదులు లెక్కకు మించి అద్దెకు ఇవ్వలేం, సర్వర్‌లో ఇవ్వగలం, ఇస్తాం కూడా. నేను మా ఊరి కాలువతో పోలుస్తాను. కాలువలో పారే నీటికి మించి ఆయకట్టును కాగితం మీద చూపించినా, అందరూ ఒకేసారి నాట్లు వేయనంతకాలం వంతుల మీద నెట్టుకొస్తారు. ఒకేసారి వేస్తే చివరి ఆయకట్టు రైతుకు నీరందదు. మా పాత కార్యాలయంలో 16 కోర్ల సర్వర్ మీద మొత్తం 60 వర్చువల్ సీపీయూలు పంచి ఉండేవి. పగలంతా ఏ ఇబ్బందీ లేదు. నెలాఖరు రాత్రి నివేదికల పనులన్నీ ఒకేసారి మొదలైతే ఒక్కొక్కటి గంటల తరబడి సాగేది, లోపలికి వెళ్లి చూసిన ప్రోగ్రామర్లు తమ కోడ్‌లో తప్పు వెతుక్కునేవారు. కేవీఎం మీద నడిచే లినక్స్ అతిథిలో ‘టాప్’ ఆదేశం కొడితే సీపీయూ వరుస చివర ‘ఎస్‌టీ’ అనే అంకె కనిపిస్తుంది. అతిథి పనికి సిద్ధంగా ఉన్నా, హైపర్‌వైజర్ వంతు వేరొకరికి ఇచ్చేసిన సమయం శాతం అది. ఆ రాత్రి మాకు ఆ అంకె రెండంకెల్లో ఉంది. కొన్ని మెషీన్లకు సీపీయూలు తగ్గించి, పనుల వేళలు విడదీశాక కుదుటపడింది. కంటైనర్ లోపలే ఉండి చూసేవారికి ఆ అంకె అర్థం కావాలంటే తమ కింద ఒక కాలువ ఉందని ముందు తెలియాలి.

మెమరీ ఇంకా మొండిది, సీపీయూ అయితే వంతు వచ్చేదాకా ఆగుతుంది, మెమరీకి అలాంటి వంతులు లేవు. డిస్కు సంగతి అడగకండి. పల్చటి డిస్కు పద్ధతిలో 100 జీబీ ఇస్తామని చెప్పి, వాడినంత మేరకే చోటు కేటాయిస్తారు. దాని మీద ఎవరో స్నాప్‌షాట్ (డిస్కు ఆ క్షణంలో ఉన్న స్థితికి గుర్తు) తీసి నాలుగు నెలలు మరిచిపోతే, ఆనాటి నుంచి జరిగిన ప్రతి మార్పూ పక్క ఫైలులో పేరుకుంటూ పోయి, ఒక తెల్లవారుజామున నిల్వ చోటు నిండిపోయి, దాని మీదున్న మెషీన్లన్నీ నిలిచిపోయాయి. స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. మూల డిస్కు పోతే స్నాప్‌షాట్ కూడా దానితోపాటే పోతుంది.

సాధనం గురించి కూడా ఒక సలహా. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక వీఎంవేర్ శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. 2024లో ఆ సంస్థ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ ఉచిత రూపాన్ని తీసేశారు, 2025లో మళ్లీ తెచ్చారు. ఒకే సంస్థ బొత్తాలను బట్టీపట్టినవారు ఇలాంటప్పుడు ఇబ్బంది పడతారు. ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ దొరికితే డెబియన్ అనే లినక్స్ మీద కట్టిన ప్రాక్స్‌మాక్స్ అనే వర్చువలైజేషన్ వ్యవస్థను దానికి ఎక్కించండి. దానిలో కేవీఎం మెషీన్లు, ఎల్ఎక్స్‌సీ అనే రకం కంటైనర్లు రెండూ పక్కపక్కనే ఉంటాయి.

పాత అడ్మిన్:
కాలువ పోలికను నేను అరువు తీసుకుంటున్నాను. అంకురం గారు పుస్తకాలలో ‘టైప్ 1, టైప్ 2’ అన్న విభజన చూస్తారు: నేరుగా యంత్రం మీద కూర్చునేది మొదటిది, మరో ఆపరేటింగ్ సిస్టమ్ మీద కూర్చునేది రెండోది. పరీక్షకు అది చాలు. 2007 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే భాగమైన కేవీఎంను ఏ గడిలో వేయాలన్నది ఇక్కడ తేలే వాదన కాదు, కాబట్టి దాని జోలికి వెళ్లను.

అంకురం:
అందరికీ కృతజ్ఞతలు. ఈ వారాంతంలో చేసింది చెబుతాను. బయోస్‌లో మీట వేసే ఉంది, బహుశా డాకర్ ఎక్కించేటప్పుడు మా సార్ వేయించి ఉంటారు. వర్చువల్ మెషీన్లు కట్టే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో డెబియన్ మెషీన్ కట్టాను కానీ అది చాలా నెమ్మదిగా నడిచింది, కిటికీ అడుగున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపించింది. అదేమిటో తెలియలేదు.

కెర్నెల్ కబుర్లు:
ఆ తాబేలు ఈ చర్చ మొత్తాన్ని మీ తెర మీదికే తెచ్చింది. డాకర్ కోసం హైపర్‌-వీ సదుపాయం ఆన్ చేసినప్పుడు మీ విండోస్ కూడా ఒక మెట్టు దిగి హైపర్‌వైజర్ మీద నడవడం మొదలుపెట్టింది. ప్రాసెసర్‌లోని ఏర్పాటు ఇప్పుడు హైపర్‌-వీ చేతిలో ఉంది. వర్చువల్‌బాక్స్‌కు అది నేరుగా దొరకదు, హైపర్‌-వీని అడిగి నడుచుకోవాలి. ఆ నెమ్మదితనానికి గుర్తే తాబేలు. విండోస్ ఫీచర్ల జాబితాలో హైపర్‌-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫారమ్ తీసేసి, యంత్రాన్ని మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా ఏర్పాటు కూడా హైపర్‌-వీని పట్టుకుని ఉంటుంది. ఒక్క హెచ్చరిక: ఇవి తీసేస్తే మీ డాకర్ డెస్క్‌టాప్ నడవదు.

డాకర్ పక్షం:
అయితే నా సలహా: డాకర్‌ను ఆ డెబియన్ మెషీన్ లోపలే ఎక్కించండి. మెషీన్‌కు 2 జీబీ చాలు. ఈసారి కెర్నెల్ అంకె చూపే ‘యూనేమ్ -ఆర్’ ఆదేశాన్ని ముందు డెబియన్‌లో, తర్వాత ఏదైనా ఆల్పైన్ (ఒక చిన్న లినక్స్) కంటైనర్ లోపల కొట్టి చూడండి.

అంకురం:
తాబేలు పోయింది. డెబియన్‌లోనూ, దానిలోని ఆల్పైన్ కంటైనర్‌లోనూ కెర్నెల్ అంకె అక్షరం తేడా లేకుండా ఒకటే వచ్చింది. పక్కనే ఉబుంటుతో రెండో మెషీన్ కట్టి కొడితే వేరే అంకె వచ్చింది. వంటిల్లు ఎవరిదో నాకు ఇప్పుడు కనిపించింది. రెండూ ఒకేసారి నడిపితే మాత్రం ల్యాప్‌టాప్ నిజంగానే మూలుగుతోంది. ఒక సందేహం మిగిలింది: ప్రయోగాలకు ముందు తీసిన మూడు స్నాప్‌షాట్‌లను ఫైళ్ల ఫోల్డర్‌లోకి వెళ్లి చెరిపేయవచ్చా?

రాత్రి డ్యూటీ:
ఫోల్డర్‌లోకి వెళ్లి చెరపవద్దు, మీ మెషీన్ ఇప్పుడు ఆ ఫైళ్ల మీదే నడుస్తోంది. వర్చువల్‌బాక్స్ కిటికీలోని స్నాప్‌షాట్‌ల జాబితా నుంచే ఒక్కొక్కటి తొలగించండి. అది మార్పులను మూల డిస్కులో కలుపుతుంది కాబట్టి కొంత సమయం, కొంత ఖాళీ చోటు అడుగుతుంది. మధ్యలో ల్యాప్‌టాప్ మూత వేయకండి, చార్జర్ పెట్టి ఉంచండి.