కొత్త ఆటగాడి సూచనలు: ఎలా చనిపోయామో గేమ్ చెప్పాలి

ప్రశ్న: మల్కాజ్‌గిరి కొత్త ఆటగాడు

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 38. వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు నా ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ పోరాట గేమ్ ఎక్కించి వెళ్లాడు. వాడు ఊరికి వెళ్లిపోయినా నేను ఆడటం మానలేదు. రెండు నెలలుగా రోజూ రాత్రి పది దాటాక ఒక గంట ఆడుతున్నాను. గేమ్ నాకు బాగా నచ్చింది, అందుకే ఈ సూచనలు రాస్తున్నాను. నిర్వాహకులకు పంపే ముందు అనుభవజ్ఞులైన మీరు ఒకసారి చదివి, తప్పులుంటే చెప్పగలరు.

మొదటి వారం నేను వరుసగా గెలిచాను. ఎదురుపడినవాళ్లు దాదాపు నిలబడి కాల్చించుకున్నారు. రెండో వారం నుంచి నేలమీద దిగిన రెండు నిమిషాలకే చనిపోవడం మొదలైంది. మొదట్లో ఎదురైనవారిలో చాలామంది మనుషులు కారనీ, గేమే నడిపించే బాట్‌లనీ మేనల్లుడు ఫోన్‌లో చెప్పేదాకా నాకు తెలియదు. చేయి తిరగడానికి బాట్‌లు అవసరమే, కాదనను. అయితే ఈ మ్యాచ్‌లో ఎందరు మనుషులు, ఎన్ని బాట్‌లు అన్నది మ్యాచ్ ముగిశాకైనా చూపించాలి, బాట్‌ల సంఖ్యను కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒక్కసారిగా తీసేస్తే, వారం రోజులు నేర్చుకున్నదంతా అబద్ధమేమో అన్న అనుమానం వస్తుంది.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. నిన్న రాత్రి ఒక ఇంటి మూలన నిలబడి ఉండగా ఎదుటి మిద్దెమీద కదలిక కనిపించింది. వెంటనే గోడ చాటుకు పరుగెత్తాను. తెరనిండా ఇటుకలు తప్ప మరేమీ లేవు, అంటే గోడ నాకు పూర్తిగా అడ్డం వచ్చినట్టే. అప్పుడు నా బొమ్మ కూలిపోయింది. ఒక పేరు, ఒక తుపాకి గుర్తు, అంతే కనిపించాయి. అతను మోసం చేశాడా, నా ఇంటర్నెట్ మందగించిందా, నేనే ఆలస్యంగా కదిలానా? నాకు తెలిసే దారి లేదు. చనిపోయిన వెంటనే చివరి ఐదు సెకన్లను ఎదుటివాడి కంటితో చూపించి, పక్కన ఇద్దరి పింగ్ (ఇంటర్నెట్‌లో కబురు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) వేస్తే కొత్తవారికి పాఠం చెప్పినట్టే అవుతుంది.

ఇంకా రెండు సూచనలున్నాయి. కొత్తవారిని ఏళ్ల తరబడి ఆడినవారితో కలపకుండా ర్యాంకుల మధ్య గట్టి గీత గీయాలి. శిక్షణ భాగంలోని వాక్యాలు తెలుగులో కూడా ఉండాలి.

సమాధానం 1: మాదాపూర్ సర్వర్ ఉద్యోగి

నమస్కారమండీ. నేను గేమింగ్ సంస్థలో పనిచేయను కానీ సర్వర్లతోనే నా పని. మీరు చెప్పిన గోడ సంఘటనలో మోసం లేకపోవచ్చు, లెక్క వేసి చూపిస్తాను.

మీ పింగ్ 90 మిల్లీసెకన్లనీ, అతని పింగ్ 60 అనీ అనుకుందాం. పింగ్ అంటే రానూపోనూ పట్టే సమయం కాబట్టి, మీరు గోడ చాటుకు వెళ్లిన కబురు ఆట నడిపే కంప్యూటర్‌కు, అంటే సర్వర్‌కు, చేరడానికి 45 పడుతుంది. సర్వర్ సెకనుకు 20 సార్లే లెక్క తేల్చుకునేదైతే అక్కడ 50 వరకు ఆగుతుంది. అతనికి చేరడానికి 30, మీ కదలిక కుదుపు లేకుండా కనిపించేందుకు అతని ఫోన్ ఆపుకునేది మరో 50. అంటే మీరు దాక్కున్నాక కూడా అతని తెరమీద 175 మిల్లీసెకన్ల దాకా బయటే నిలబడి ఉంటారు. అతను అప్పుడే కాల్చిన తూటా కబురు సర్వర్‌కు 30లో చేరుతుంది. సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి, అతనికి కనిపించిన స్థానంలోనే మిమ్మల్ని పెట్టి చూసి, తగిలిందని ఒప్పుకుంటుంది. ఆ తీర్పు మీకు అందడానికి ఇంకో 45. మొత్తం 250. మీ బొమ్మ సెకనుకు 6 మీటర్లు పరుగెడితే, గోడ వెనక 1.5 మీటర్లు వెళ్లాక చనిపోతారు.

ఇలా వెనక్కి తిప్పి చూడటాన్ని ల్యాగ్ కాంపెన్సేషన్ అంటారు. అది లేకపోతే కాల్చేవాడు కదిలే మనిషిని ఎప్పుడూ కొంచెం ముందుకు గురిపెట్టాల్సి వస్తుంది. అది ఇంకా పెద్ద అన్యాయం. కాబట్టి దాన్ని తీసేయమని కాకుండా, ఎంత కాలం వెనక్కి తిప్పవచ్చో ఒక హద్దు పెట్టమని, సర్వర్ లెక్కల వేగం పెంచమని అడగండి. సెకనుకు 60 సార్లు లెక్కిస్తే ఆ 50 కాస్తా 17కు దిగుతుంది. వాలరెంట్ అనే గేమ్‌లో సెకనుకు 128 సార్లు లెక్కించే సర్వర్లు వాడుతున్నారు.

మీరు ఏ సర్వర్‌కు కలుస్తున్నారో కూడా చూసుకోండి. గాజు తీగలో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ముంబయి గాలిదారిన 620 కిలోమీటర్లు కాబట్టి రానూపోనూ కనీసం 6 మిల్లీసెకన్లు. సింగపూర్ 3,300 కిలోమీటర్లు, అంటే 33. కేబుళ్లు తిన్నగా వెళ్లవు కాబట్టి నిజంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో అందరి రౌటర్లూ వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లోనే కిక్కిరిసి ఉంటే పింగ్ పైకీ కిందికీ ఊగుతుంది. 5 గిగాహెర్ట్జ్‌కు మారి, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని ఒకసారి ఆడి చూడండి.

సమాధానం 2: టోలిచౌకి పాత ఆటగాడు

అన్నా, బాట్‌ల విషయంలో, చివరి ఐదు సెకన్ల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గట్టి గీత విషయంలో మాత్రం ఏకీభవించలేను. గీతలు ఎక్కువైన కొద్దీ ఒక్కో గుంపులో మనుషులు తగ్గుతారు. మీరు ఆడే రాత్రి వేళ సంగతి సరే, మధ్యాహ్నం మూడింటికి ఆడేవారు మ్యాచ్ మొదలయ్యేదాకా లాబీలో నిమిషాల తరబడి కూర్చోవాలి. పైగా పాతవాళ్లు కొత్త అకౌంట్ తెరిచి కొత్తవారి గుంపులోకి దిగుతారు. వాళ్లనే స్మర్ఫ్‌లు అంటాం. గీత ఎంత గట్టిదైతే ఆ గీత లోపల వాళ్లు అంత సులువుగా వేటాడతారు.

దీనికి మందు ఆటగాడి బలాన్ని అంకెలో చెప్పే రేటింగ్‌లోనే ఉంది. 2024 డిసెంబరు చదరంగం రేటింగ్ జాబితాలో మన వరంగల్ ఇరిగేశి అర్జున్ 2800 దాటాడంటే, ఆ అంకె వెనక ఉన్నది ఆర్పాడ్ ఎలో రూపొందించిన, ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించిన పద్ధతి. ఇద్దరి మధ్య 400 తేడా ఉంటే పెద్ద అంకె ఉన్నవాడికి వందకు సుమారు 91 పాయింట్లు వస్తాయని ఆ లెక్క చెబుతుంది. తర్వాత వచ్చిన గ్లికో పద్ధతి, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ కోసం తయారుచేసిన ట్రూస్కిల్ పద్ధతి, ఆ అంకెతోపాటు అంకెమీద మనకెంత నమ్మకం ఉందో కూడా దాచుకుంటాయి. కొత్త అకౌంట్‌మీద నమ్మకం తక్కువ కాబట్టి, స్మర్ఫ్ నాలుగైదు మ్యాచ్‌లు విరగదీస్తే అతని అంకె ఒక్కసారిగా పైకి దూకుతుంది, కొత్తవారు అతని బారినుంచి బయటపడతారు. మీరు అడగాల్సింది ఇదే.

ఇంకొకటి కూడా చేర్చండి. నలుగురు స్నేహితులు మాట్లాడుకుంటూ ఆడే స్క్వాడ్‌కు ఎదురుగా, ఒకరికొకరు తెలియని నలుగురిని పెట్టకూడదు. కొత్తవారు ఎక్కువగా ఓడిపోయేది చేతివాటం తక్కువై కాదు, ఒంటరిగా దిగడంవల్లనని నా నాలుగేళ్ల అనుభవం.

సమాధానం 3: సైనిక్‌పురి సభ్యురాలు

నాకు ఎడమ చెవి సరిగా వినబడదు, అందువల్ల అడుగుల చప్పుడు ఏ వైపునుంచి వస్తోందో నాకు తెలియదు. ఫోర్ట్‌నైట్ అనే గేమ్‌లో శబ్దాలను తెరమీద గుర్తులుగా చూపే సౌకర్యం ఉంది. దయచేసి దీన్ని కూడా మీ సూచనల్లో చేర్చండి. హెడ్‌ఫోన్ లేకుండా, ఇంట్లో పిల్లలు నిద్రపోయాక ఆడేవారికి కూడా అది పనికొస్తుంది.

తెలుగు గురించి ఒక మాట. రీకాయిల్ అన్నచోట ప్రత్యాఘాతం అని రాసి పెడితే నాకూ అర్థం కాదు, మీ మేనల్లుడికీ అర్థం కాదు. రీకాయిల్ అనే ఉంచి, “కాలుస్తున్నప్పుడు తుపాకి మొన పైకి లేస్తుంది, వేలితో తెరను కిందికి లాగుతూ ఉండండి” అని రాయమనండి. నిఘంటువు ముందు పెట్టుకుని మాటకు మాట మార్చేవారితో కాకుండా, ఆడేవారితో రాయించమని గట్టిగా చెప్పండి.

ప్రశ్న అడిగినవారి జవాబు: మల్కాజ్‌గిరి కొత్త ఆటగాడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. రౌటర్ హాల్లో ఉంటే నేను ఇన్నాళ్లూ వెనక గదిలో మంచంమీద పడుకుని ఆడుతున్నాను. నిన్న హాల్లో నేలమీద కూర్చుని, 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి ఆడాను. అంతకుముందు 70కీ 140కీ మధ్య ఊగిన పింగ్ 48 దగ్గర నిలిచింది. గోడ వెనక ఒక్కసారే చనిపోయాను, అదీ నా కాలు బయటికి ఉండటంవల్ల.

ర్యాంకుల గట్టి గీతను నా సూచనల్లోంచి తీసేశాను. దాని స్థానంలో స్మర్ఫ్‌ల అంకె త్వరగా పెంచడం, స్క్వాడ్‌లను స్క్వాడ్‌లతోనే కలపడం రాశాను. శబ్దాల గుర్తులను అన్నిటికన్నా పైన పెట్టాను, ఎందుకంటే మాకు అది సౌకర్యం మాత్రమే, సైనిక్‌పురి సోదరికి అది లేకపోతే ఆటే లేదు. శిక్షణ భాగంలోని వాక్యాల్లో పన్నెండింటిని మీరు చెప్పిన తీరులో తెలుగులో రాసి చూశాను. రేపు ఇక్కడ పెడతాను, దిద్దగలరు. ‘స్కోప్ తెరిచి ఊపిరి బిగబట్టడం’ అన్నదానికి మాత్రం మంచి వాక్యం కుదరలేదు. మీరు మీ స్క్వాడ్‌లో దాన్ని ఏమంటారు?