చదరంగం పద్యంలో ‘రంధ్ర’మా, ‘నంద’మా?

కోనసీమ కొబ్బరి: పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో రాసిన గణితంలో, చదరంగం అరవై నాలుగు గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తం చెప్పే పద్యం ఉంది. అది మా తాతగారు అప్పజెప్పించుకునేవారండి. ‘శర శశి షట్క చంద్ర శర సాయక’ దాకా గడగడా వస్తుంది. తర్వాత నా నోటికి ‘నంద వియన్నగాగ్ని’ అనే వస్తోంది. అచ్చులో ‘రంధ్ర’ ఉంది. ఏది సరైంది?

లెక్కల మాస్టారు: ఆ పద్యంలో ఒక్కో మాటా ఒక్కో అంకెకి గుర్తు: శశి అంటే ఒకటి, శరం అంటే అయిదు. నవరంధ్రాలైనా నవనందులైనా తొమ్మిదేగా! వెనకనుంచి చదివితే 18446744073709551615 రావాలి, రెండిటితోనూ వస్తుంది. అంకెల మొత్తం 87, మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. లెక్క మీకు సాయం చెయ్యదండి.

వశిష్ఠ గట్టు: ఛందస్సూ చెయ్యదు. రెండూ గురువు, లఘువే. అదే ‘ధర’తో మొదలయ్యే రెండో పాదంలో ఆరుకి వాడిన ‘తర్క’ బదులు ‘రస’ అని చూడండి, ఆరు ఆరే గానీ గణం చెడుతుంది, ధ-త యతీ పోతుంది. అక్కడైతే దొంగ దొరికిపోతాడు.

గౌతమి ఒడ్డు: చెవికి వదిలెయ్యండి. ‘చంద్ర’కి ‘రంధ్ర’ జవాబు చెబుతోంది. పైగా పక్కనే వియత్తు. రంధ్రం పక్కన ఆకాశం పెట్టినవాడు కవి కాక మరేంటి?

కోనసీమ కొబ్బరి: ‘నంద వియన్నగ’లో నకారాల మాటేమిటి? రాజమహేంద్రవరంలో నన్నయగారి గాలి తగిలినవాడికి ఆమాత్రం అక్షరరమ్యత ఉండదా?

వశిష్ఠ గట్టు: గాలి తగిలింది ఈయనకా, వాళ్ల తాతగారికా? రాజరాజనరేంద్రుడి దగ్గర అగ్రహారం పుచ్చుకున్న మల్లన వేరు, ఈయన మనవడు అనే వాదం ఉంది. నేను మనవడి పక్షమే. నన్నయని ప్రతిదాంట్లోకీ లాక్కురాకండి.

గౌతమి ఒడ్డు: అక్షరరమ్యత మాటెత్తిన నన్నయగారి ‘సారమతిం గవీంద్రులు’ పద్యం చదివాక కూడా ఆ మాట అంటారా!

లెక్కల మాస్టారు: మీరు తేల్చుకునేలోగా చెబుతాను. రెండు పవర్ 64లోంచి ఒకటి తీస్తే ఈ సంఖ్య. ఇలా ఒకటి తీసినవాటిని మెర్సెన్ సంఖ్యలంటారు; ఇదీ ఆ కుటుంబమే గానీ ప్రధాన సంఖ్య కాదు. కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఆ 641ని 1732లో ఆయిలర్ పట్టుకుని రెండు పవర్ 32కి ఒకటి కలిపితే ప్రధాన సంఖ్యే అన్న ఫెర్మా ఊహని పడగొట్టాడు. మొదటి గడిలో ఒక గింజతో మొదలెట్టి గళ్లన్నీ నింపితే, మన డెల్టా లెక్కలో, వెయ్యి వడ్లగింజలు పాతిక గ్రాములనుకుంటే, సుమారు 46,000 కోట్ల టన్నుల ధాన్యం. ఏ గాదెలో పోస్తారో మీ ఇష్టం.

కోనసీమ కొబ్బరి: ఆయ్, బాగుందండి. ‘రంధ్ర’ సంగతి?

లెక్కల మాస్టారు: దానికంటే పెద్ద అనుమానం నాది. ఆ ఏడింటిలో ఏ కారణాంకమూ రెండోసారి రాదు. పద్యంలోనూ కొండకి నగ, భూధర, గిరి అని మార్చాడు, చంద్రుడికి మూడు పేర్లు పెట్టాడు. మరి ‘శర’ రెండుసార్లు ఎందుకు? బాణానికి ‘ఇషు’ అనే మాట కూడా ఉందిగా?

వశిష్ఠ గట్టు: ‘చంద్ర’ మీద ‘ఇషు’ పెడితే ‘చంద్రేషు’ అయిపోతుంది. గణం ఎవరు నింపుతారు, మీరా?

లెక్కల మాస్టారు: మొదటి ‘శర’నే మార్చొచ్చుగా!

వశిష్ఠ గట్టు: మార్చి చూపించండి. సా-తో యతి, రేఫతో ప్రాస, రెండూ కుదరాలి.