లా డిగ్రీ లేకుండా వాణిజ్య చట్టంలో పీజీ: ఉద్యోగం చేసేవాళ్లకు పనికొస్తుందా?

చార్టర్ డెస్క్

ఓడల చార్టరింగ్‌లో, అంటే సరుకుల కోసం ఓడలు అద్దెకు మాట్లాడే పనిలో ఉన్నాను. లా చదవలేదు, నాది కామర్స్ డిగ్రీ. ఉద్యోగం మానకుండా పార్ట్‌టైమ్‌లో సముద్ర వాణిజ్య చట్టంలో పీజీ చేయాలని ఉంది. లా డిగ్రీ లేకపోయినా పని అనుభవం చూసి సీటిచ్చే కోర్సులు ఉన్నాయి. కానీ ఎవరిని అడిగినా "పని నీకొచ్చు, చట్టం లాయర్లు చూసుకుంటారు" అంటున్నారు. లేదంటే "చదివితే మొదటినుంచి లా చదువు, మధ్యలో దూరితే లాభం లేదు" అంటున్నారు. నాకు ఈ రెండు మాటలూ తప్పనిపిస్తోంది. మీ అభిప్రాయాలు కావాలి, ముఖ్యంగా కాదనేవాళ్లవి.

నేను ఎందుకు చదవాలనుకుంటున్నానో ఒక కేసుతో చెబుతాను. ఒప్పుకున్న సమయంలో సరుకు ఎక్కించడం, దించడం పూర్తికాకపోతే ఓడ యజమానికి రోజుకు ఇంతని కట్టేది డెమరేజ్. ఆ లెక్క నేను కళ్లు మూసుకుని వేయగలను. 'ఎటర్నల్ బ్లిస్' అనే ఓడ బ్రెజిల్ నుంచి చైనాకు సోయాబీన్స్ తీసుకెళ్లింది. రేవులో రద్దీ వల్ల నెల రోజులు లంగరు వేసుకుని ఆగాల్సి వచ్చింది. సరుకు బూజు పట్టి గడ్డకట్టింది. సరుకు అందుకోవలసినవాళ్లకు ఓడ యజమాని పరిహారం ఇచ్చి, ఆ సొమ్ము చార్టరర్ (ఓడను అద్దెకు తీసుకున్నవాళ్లు) తనకు కట్టాలన్నాడు. ఆలస్యానికి డెమరేజ్ ఎలాగూ వస్తుంది కదా, దాని పైన ఇది కూడా అడగొచ్చా? ఇంగ్లండ్ హైకోర్టు 2020లో అడగొచ్చంది. 2021లో అప్పీలు కోర్టు కుదరదంది. ఈ గొడవకు మూలం 1926 నాటి 'రైడార్ వర్సెస్ ఆర్కోస్' తీర్పు. అందులో జడ్జిలు చెప్పింది ఏమిటన్నదాని మీదే అప్పటినుంచీ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

ఇంకో ఇరవై ఏళ్లు ఇదే డెస్క్ మీద కూర్చున్నా ఈ సంగతి నాకు దానంతట అదే తెలిసిపోదు. చార్టర్‌పార్టీలో (ఓడ అద్దె ఒప్పందంలో) డెమరేజ్ షరతు రాయించేది మాత్రం నేనే.

నల్లకోటు

కాదనేవాళ్లు కావాలన్నారు కాబట్టి సూటిగానే చెబుతానండి. మీరు చెప్పిన కేసే తీసుకుందాం. ముందుగా ఖరారు చేసుకున్న పరిహారం ఏయే నష్టాలకు సరిపెట్టినట్టు అన్నదే అక్కడి ప్రశ్న. అది కాంట్రాక్టు చట్టంలో మొదటి ఏడాది పాఠం. ఉల్లంఘన అంటే ఏమిటి, ఎంత దూరపు నష్టం వరకు అడగొచ్చు, షరతుకు అర్థం ఎలా తీస్తారు, ఇవి రాకుండా నేరుగా డెమరేజ్ సెమినార్‌లో కూర్చుంటే తీర్పుల పేర్లు గుర్తుంటాయి గానీ తర్కం చేతికి రాదు. అలా చదువుకున్నవాళ్లు రాసిన రిపోర్టులు నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి. తీర్పు పేరు కరెక్టుగానే ఉంటుంది. ఆ తీర్పు చెప్పని మాటను దాని నోట పెట్టి ఉంటారు.

ఇంకో సంగతి ఉంది, కోర్సు వివరాల్లో ఇది కనిపించదు. పీజీ పట్టా వచ్చినంత మాత్రాన మీరు లాయరు కారు. లాయరు ఇచ్చిన సలహాను ఎదుటి పక్షానికి చూపించనక్కర్లేదనే రక్షణ చాలా దేశాల చట్టాల్లో ఉంది. మీరు రాసే నోటుకు అది ఉండకపోవచ్చు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2013లో ప్రుడెన్షియల్ కేసులో ఇదే తేల్చింది. పన్ను చట్టం మీద అకౌంటెంట్లు ఎంత నిపుణతతో సలహా ఇచ్చినా, లాయరు సలహాకు ఉండే రక్షణ దానికి లేదంది. ఇప్పుడు మీ సంగతి ఆలోచించండి. మీరు బాగా చదువుకుని, "ఈ క్లెయిమ్‌లో తప్పు మనదే" అని కారణాలతో సహా మేనేజరుకు మెయిల్ పెడతారు. పత్రాలు బయటపెట్టమని ఆదేశం వస్తే ఆ మెయిల్ ఎదుటివాళ్ల చేతికి వెళుతుంది. ఎంత బాగా చదివితే అంత పకడ్బందీగా రాస్తారు, కంపెనీకి అంత నష్టం.

సైట్ ఆఫీస్

నేను సివిల్ ఇంజినీరుని, ఇప్పుడు కాంట్రాక్టు క్లెయిములు చూస్తున్నాను. నల్లకోటు గారితో నేను ఏకీభవించను. లండన్ కింగ్స్ కాలేజీలో నిర్మాణ చట్టం, వివాద పరిష్కారం మీద ఎమ్మెస్సీ 1987 నుంచి ఉంది. ఇంజినీర్లు, సర్వేయర్లు, లాయర్లు అందులో కలిసే చదువుతారు. లా డిగ్రీ లేనివాళ్లకు ఇది అందదనుకుంటే ఆ కోర్సు ఇన్నేళ్లు నిలిచేది కాదు.

మా రంగంలో అందరికీ తెలిసిన షరతు ఒకటి చెబుతాను. కన్సల్టింగ్ ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిడిక్ తయారుచేసిన నమూనా కాంట్రాక్టు, 1999 ఎర్ర పుస్తకంలో 20.1. క్లెయిమ్‌కు కారణమైన సంఘటన కాంట్రాక్టరుకు తెలిసినప్పటి నుంచి, లేదా తెలిసి ఉండాల్సినప్పటి నుంచి 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదనపు గడువూ పోతుంది, అదనపు సొమ్మూ పోతుంది. సైట్‌లో ప్రతివాళ్లూ '28 రోజులు' అని జపిస్తుంటారు. ఆ లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో తేదీ చెబుతారు. జిబ్రాల్టర్ విమానాశ్రయం రన్‌వే కింద సొరంగం పనిలో ఇదే గొడవ ఇంగ్లండ్ కోర్టుకు వెళ్లింది. ఆలస్యం జరగబోతోందని స్పష్టమైనప్పుడైనా, ఆలస్యం నిజంగా మొదలైనప్పుడైనా నోటీసు ఇవ్వొచ్చని 2014లో జడ్జి అన్నారు. అంటే ఆలస్యమైపోయిందని మనం వదిలేసుకునే క్లెయిములు కొన్ని బతికే ఉండొచ్చు. నోటీసు మీద సంతకం పెట్టేనాటికి లాయరు సైట్‌లో ఉండరు. ఆయన దగ్గరికి ఫైలు వెళ్లేసరికి ఏడాది దాటుతుంది. ఆ రోజు అక్కడ ఉండేది ఇంజినీరే. చదువు కావలసింది కూడా అతనికే.

నల్లకోటు

సైట్ ఆఫీస్ గారూ, మీ ఉదాహరణలోనే నా అభ్యంతరం ఉంది. ఆ తీర్పు ఇంగ్లిష్ చట్టం పద్ధతిలో వచ్చింది. ఫిడిక్ వాడే ప్రాజెక్టులు ఎన్నో సివిల్ కోడ్ (సంహితగా రాసిపెట్టిన సివిల్ చట్టం) ఉన్న దేశాల్లో జరుగుతాయి. అక్కడ నోటీసు గడువు దాటితే వచ్చే ఫలితం మీద సద్భావన సూత్రం, హక్కు దుర్వినియోగం లాంటివి ప్రభావం చూపగలవు. ఏ దేశపు చట్టం వర్తిస్తుందనేది ముందు అడగాల్సిన ప్రశ్న. ప్రత్యేక పీజీ చదివినవాళ్లు ఒకే చట్టాన్ని లోకమంతటికీ చట్టం అనుకునే ప్రమాదం ఉందంటున్నాను.

సైట్ ఆఫీస్

ఆ ప్రశ్న ముందు అడగాలని మాకు నేర్పేదే ఆ పీజీ కదండీ. చదవకముందు ఆ ప్రశ్న ఉందనే తెలియదు.

ఎల్‌సీ కౌంటర్

నేను బ్యాంకులో లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ) పత్రాలు చూస్తాను. సరైన పత్రాలు చూపిస్తే కొనుగోలుదారు తరఫున అమ్మకందారుకు డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ అది. మా రంగంలో చాలామందికి వృత్తి సర్టిఫికెట్లు చాలు, పీజీ అక్కర్లేదు. కౌంటర్ పనికి అది నిజమే. 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 (ఎల్‌సీలకు అంతర్జాతీయంగా వాడే నియమావళి) బాగా వస్తే రోజువారీ పని సాగిపోతుంది. పత్రాలు పరిశీలించడానికి బ్యాంకుకు గరిష్ఠంగా 5 బ్యాంకింగ్ రోజులు. బ్యాంకు చూసేది పత్రాలనే, సరుకును కాదు. ఈ రెండూ తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

మోసం జరిగిందని కొనుగోలుదారు పరిగెత్తుకొచ్చిన రోజున మాత్రం యూసీపీలో వెతికినా ఏమీ దొరకదు. మోసం సంగతిని యూసీపీ తాకలేదు, ఆయా దేశాల చట్టానికే వదిలేసింది. 1941లో న్యూయార్క్‌లో స్టైన్ కేసు వచ్చింది. పందివెంట్రుకలు పంపాల్సిన అమ్మకందారు పెట్టెల్లో ఆవు వెంట్రుకలు, చెత్త నింపాడన్నది ఆరోపణ. ఆ ఆరోపణ నిజమైతే చెల్లింపు ఆపొచ్చని కోర్టు అంది. 1982లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు ఇంకో కేసు వచ్చింది. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కిందని ఇచ్చే రసీదు) మీద తప్పుడు తేదీ వేసింది, ఓడ కంపెనీ తరఫున సరుకు ఎక్కింపు చూసే లోడింగ్ బ్రోకర్ ఉద్యోగి. అమ్మకందారుకు ఆ సంగతే తెలియదు. కాబట్టి బ్యాంకు చెల్లించాల్సిందేనని తీర్పు. రెండు కేసుల్లోనూ గొడవ పత్రంలోని అబద్ధం మీదే, ఫలితం మాత్రం వేరు. ఈ తేడా ఎందుకో తెలియకుండా డబ్బు ఆపితే బ్యాంకు పరువు పోతుంది, చెల్లిస్తే కస్టమరు కోర్టుకెక్కుతాడు.

సర్టిఫికెట్ నాకు నియమాలు నేర్పింది. ఆ నియమాలు ఎక్కడ ఆగిపోతాయో పీజీలో తెలిసింది. మా సీనియర్లు పీజీని 'కాగితం ముక్క' అంటుంటే నాకు బాధేస్తుంది.

చార్టర్ డెస్క్

నల్లకోటు గారూ, గోప్యత గురించి మీరు చెప్పింది నేను ఇంతవరకు ఎక్కడా వినలేదు, మనసులో పెట్టుకుంటాను. కానీ నా ఉద్దేశం సలహా రాయడం కాదు. లాయరుకు ఫైలు పంపేటప్పుడు ఏ పత్రాలు ముఖ్యమో, ఏం అడగాలో తెలియాలి. ఫిక్చర్ (ఓడ అద్దె బేరం) ఖరారు చేసేటప్పుడు ఏ షరతు దగ్గర పట్టుబట్టాలో తెలియాలి. ఆ క్షణంలో లాయరును అడిగే వ్యవధి ఉండదు.

సాయంత్రం తరగతులు

ఇలాంటి కోర్సుల్లో పాఠాలు చెబుతుంటాను. నా అనుభవంలో క్లాసులో వ్యాపారం చేసినవాళ్లు ఉంటే లాయర్లు బాగుపడతారు. దీనికి ఉదాహరణగా నేను ఎప్పుడూ 'అకిలియస్' కేసు చెబుతాను. చార్టరర్లు ఓడను గడువు దాటి 9 రోజులు ఆలస్యంగా అప్పగించారు. ఆలోగా మార్కెట్ పడిపోయింది. ఓడ యజమానులు తర్వాతి చార్టరర్‌కు రేటు తగ్గించాల్సి వచ్చింది. ఆ తర్వాతి చార్టర్ మొత్తం కాలానికి పోయిన సొమ్ము, అంటే 13.6 లక్షల డాలర్లకు పైగా అడిగారు. ఆలస్యమైన 9 రోజులకు మార్కెట్ రేటుకూ చార్టర్ రేటుకూ తేడా ఇస్తే చాలు, అది సుమారు 1.58 లక్షలు అన్నారు చార్టరర్లు. ఆర్బిట్రేటర్లలో (మధ్యవర్తుల్లో) ఎక్కువమంది, ఆ తర్వాత రెండు కోర్టులూ యజమానుల వైపు మొగ్గాయి. 2008లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చార్టరర్ల వైపు తీర్పిచ్చింది. ఆ రంగంలో అందరూ అలాంటి బాధ్యత ఎంతవరకు ఉంటుందని అనుకుంటారన్నది అక్కడ బరువైన అంశమైంది. ఈ కేసు చెప్పేటప్పుడు బ్రోకరుగా పనిచేసిన విద్యార్థి ఒకరు లేచి "తర్వాతి ఫిక్చర్ నష్టం ఎవరి లెక్కలోనూ ఉండదు" అంటే, లాయరు విద్యార్థులకు పుస్తకంలో దొరకనిది దొరుకుతుంది.

నల్లకోటు గారి మాటలో సగం మాత్రం ఒప్పుకుంటాను. ఈ కేసు అర్థం కావాలంటే 1854 నాటి హ్యాడ్లీ వర్సెస్ బ్యాక్సెండేల్ రావాలి. మిల్లు షాఫ్టు విరిగి, కొత్తది రావడం ఆలస్యమై, మూతబడిన రోజుల లాభం అడిగిన కేసు అది. అది రానివాళ్లు నా క్లాసులో మొదటి టర్ములో మునిగిపోతారు. మంచి కోర్సులు లా చదవనివాళ్లకు ముందుగా కాంట్రాక్టు, సివిల్ బాధ్యతల మీద పునాది పాఠాలు పెడతాయి. అవి లేని కోర్సు అయితే చేరకండి.

సమయం గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు, నాకది అన్నిటికంటే పెద్ద విషయం. బ్రిటన్ లెక్కలో మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, క్రెడిట్‌కు 10 గంటల చదువు. మొత్తం 1800 గంటలు. రెండేళ్లలో అయితే వారానికి 17 గంటలు, సెలవులేమీ లేకుండా. మూడేళ్లకు పరిస్తే 11 నుంచి 12 గంటలు. ఉద్యోగం, ఇల్లు రెండూ ఉన్నవాళ్లు రెండేళ్లదే తీసుకుని, రెండో ఏడాది థీసిస్ దగ్గర ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. పాఠాలు అందరికీ నడుస్తాయి, రాతే కష్టం. ఆఫీసులో మనం రాసేది రెండు పేజీల మెయిల్. అక్కడ పదిహేను వేల మాటలు, ప్రతి వాదనకూ ఆధారం చూపిస్తూ రాయాలి.

నల్లకోటు

పునాది పాఠాలు తప్పనిసరి అయితే నా అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోదు. కంపెనీలు ఈ పట్టా చూసి లాయరు ఖర్చు మిగుల్చుకుందామనుకుంటాయి, ఆ భారం మీ మీద పడుతుంది. మీరు అనుకున్నది సరైన ప్రశ్న వేయడానికే అయినా, పై అధికారి మీ నుంచి జవాబు అడుగుతారు. చేరకముందే ఆ హద్దు ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఫీజు కంపెనీ కడుతుంటే, తర్వాత ఎన్నేళ్లు అక్కడే పని చేయాలో కూడా చూసుకోండి.

చేరాలా వద్దా అని ఇంకా ఊగిసలాడుతుంటే ఒక పని చేయండి. అకిలియస్ తీర్పు మొదటినుంచి చివరిదాకా, ఎవరి సారాంశమూ చూడకుండా చదవండి. అందులో లార్డ్ హాఫ్‌మన్, లార్డ్ రోడ్జర్ ఒకే ఫలితానికి వేర్వేరు దారుల్లో వచ్చారు. ఆ తేడాను సొంత మాటల్లో ఒక పేజీ రాయగలిగితే, లా డిగ్రీ లేదని నేను మిమ్మల్ని ఆపను.

చార్టర్ డెస్క్

చదువుతానండి. పునాది పాఠాలున్న మూడేళ్ల కోర్సే చూసుకుంటాను. ఇంకో సందేహం ఉంది. థీసిస్‌కు నా డెస్క్ మీది ఫైళ్లు వాడుకోవచ్చా? డెమరేజ్ మీద రాయాలంటే అంతకంటే మంచి సరంజామా నాకు దొరకదు.

సాయంత్రం తరగతులు

వద్దు. ఆర్బిట్రేషన్‌కు వెళ్లిన ఫైళ్లలో చాలావాటికి గోప్యత షరతు ఉంటుంది, పేర్లు తీసేసినా ఓడ ఏదో, ఒప్పందం ఎవరిదో మీ రంగంలో వాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఇంగ్లండ్ తీర్పులు బెయిలీ (BAILII) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, డెమరేజ్ మీద అక్కడ ఉన్నదే ఒక థీసిస్‌కు ఎక్కువ. ఫైళ్లు మీకు అంశం ఎంచుకోవడానికి ఉపయోగపడతాయి. రోజూ ఏ షరతు దగ్గర బేరం ఆగిపోతోందో చూసి, దాని మీదే రాయండి.