స్టేషన్ పసుపు బోర్డు మీద సముద్ర మట్టం ఎత్తు ఎందుకు రాస్తారు?

ప్రశ్న: పట్టాల పక్కిల్లు

అందరికీ నమస్కారం. రైలు ఆగగానే మా ఇంట్లో వాళ్లందరూ టీ కోసం కిటికీలోంచి తొంగి చూస్తే, నేను ప్లాట్‌ఫారం చివర ఉండే పసుపు బోర్డు కోసం చూస్తాను. పోయిన నెల కుటుంబమంతా కలిసి విశాఖపట్నం నుంచి అరకు వెళుతుండగా, శిమిలిగూడలో ఎత్తు 996 మీటర్ల పైచిలుకు అని చూశాం. కాశ్మీరు లోయకు రైలు రాకముందు మన దేశపు బ్రాడ్ గేజ్ స్టేషన్లన్నిటిలోనూ ఇదే ఎత్తైనదని నేను గర్వంగా చెప్పానో లేదో, పెట్టెలో పెద్ద చర్చ మొదలైంది. వరద వస్తే ఏ ఊరు మునుగుతుందో తెలియడానికని మా పెదనాన్న గారు, ఇంజను ఎంత గట్టిగా లాగాలో డ్రైవరుకు తెలియడానికని ఎదుటి సీటు ఆయన, ఆయాసం ఉన్నవాళ్లు చూసుకుని దిగడానికని మా అత్తయ్య గట్టిగా వాదించారు. తొమ్మిదేళ్ల మా మేనకోడలు, "మావయ్యా, ఇక్కడ సముద్రమే లేదు కదా, ఏ సముద్రం నుంచి కొలిచారు?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: లెవెల్ పెట్టె

చాలా ఏళ్లు పట్టాల నిర్వహణ పనిలో ఉన్నవాడిని కనుక ముందు ఎదుటి సీటు ఆయన మాట తీసుకుంటాను, ఎందుకంటే అందరూ నమ్మేది అదే. రెండు స్టేషన్ల ఎత్తు ఒక్కటే అయినా వాటి మధ్య ఒక గుట్ట ఎక్కి దిగవలసి రావచ్చు; ఆ సంగతి బోర్డు చెప్పదు. డ్రైవరుకు చెప్పేది పట్టాల పక్కన పొట్టిగా ఉండే గ్రేడియంట్ పోస్టు. దాని రెక్క పైకి లేచి 100 అని ఉంటే, నూరు మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున దారి ఎక్కుతుందని అర్థం. రెక్క కిందికి వాలితే దిగుడు.

బోర్డు మీది సంఖ్య సర్వే వాళ్ల లెక్క. లైను వేసేటప్పుడు, ఎత్తు ముందే తెలిసిన ఒక గుర్తు దగ్గర మొదలుపెట్టి, మూడు కాళ్ల స్టాండు మీద లెవెల్ అనే దుర్బిణి పరికరం పెట్టి, దూరంగా నిలబెట్టిన స్టాఫ్ అనే కొలత కర్ర మీది అంకెలు చదువుకుంటూ, అడుగడుగునా ఆ ఎత్తును మోసుకుపోతారు. అందుకే పాత స్టేషన్లు కొన్నిటిలో గోడ పక్కన నేలలో పాతిన రాయి మీద జీ.టీ.ఎస్. (గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వే, అంటే పాత దేశవ్యాప్త సర్వే), బీ.ఎం. (బెంచ్ మార్క్, అంటే ఎత్తు తెలిసిన గుర్తు) అన్న అక్షరాల మధ్య చెక్కిన చిన్న చదరం కనిపిస్తుంది. ఇక ఒకే సంఖ్య స్టేషన్ మొత్తానికి ఎలా సరిపోతుందంటారా, నిలబెట్టిన పెట్టెలు వాటంతట అవే దొర్లిపోకుండా స్టేషన్ యార్డును వీలైనంత చదునుగా, సాధ్యమైతే 1200 మీటర్లకు ఒక మీటరు కంటే ఎక్కువ వాలు లేకుండా వేస్తారు. ఆ లెక్కన 600 మీటర్ల ప్లాట్‌ఫారం ఈ చివరికీ ఆ చివరికీ తేడా అర మీటరే!

ఈ చర్చంతటిలోనూ అసలు ప్రశ్న అడిగింది మీ మేనకోడలే. 1858 నుంచి 1909 దాకా ఎత్తులు కొలుస్తూ సాగిన లెవెలింగ్‌లో, కరాచీ, ముంబయి, కార్వార్, కొచ్చి, నాగపట్టణం, చెన్నై వంటి తొమ్మిది చోట్ల ఆటుపోట్లను ఏళ్ల తరబడి కొలిచి తీసిన సగటు మట్టాన్ని సున్నాగా పెట్టుకున్నారు. ఆ తొమ్మిదింటిలో మన విశాఖపట్నం ఒకటి.

జవాబు 2: పచ్చ జెండా

లెవెల్ పెట్టె గారు చక్కగా చెప్పారు. నేను స్టేషన్ మాస్టరుగా పనిచేసిన ఒక చిన్న స్టేషన్‌లో జరిగిన సంగతి చెబుతాను. వానాకాలం తరువాత బోర్డుకు కొత్త రంగు వేయించాం. పెయింటరు అక్షరాలు ముత్యాల్లా రాశాడు, పేరు మూడు భాషల్లోనూ ఒక్క తప్పు లేకుండా వచ్చింది, అందరం మెచ్చుకున్నాం. అయితే 45.72లో చుక్క పెట్టడం మరిచిపోయాడు. అలా వరి పొలాల మధ్య ఉన్న మా స్టేషన్ ఒక్క పూటలో 4572 మీటర్ల ఎత్తుకు, హిమాలయాల సరసకు చేరింది. మూడు వారాల పాటు వందలమంది ఆ బోర్డు కిందే నిలబడి రైలెక్కారు, ఒక్కరూ గమనించలేదు. చివరికి రోజూ పాలక్యానుతో వచ్చే ముసలాయన, "అయ్యా, మనకు చలి ఎందుకు వేయడం లేదు?" అని అడిగాడు. నవ్వాపుకోలేక నేనే స్టూలెక్కి చుక్క పెట్టాను. ఆ పెద్దాయన చదివినంత శ్రద్ధగా బోర్డు చదివిన మనిషిని నా ఉద్యోగంలో మరొకరిని చూడలేదు.

జవాబు 3: కిటికీ సీటు

నాకు ఎత్తు కన్నా పేరు మీదే మక్కువ. రేణిగుంట, అరక్కోణం మధ్య వెంకటనరసింహరాజువారిపేట బోర్డును ఎవరైనా చూశారా? ఇంగ్లీషులో 28 అక్షరాలు పట్టే ఆ పేరు మన తెలుగులో 13 అక్షరాలతో హాయిగా సరిపోతుంది. ఎత్తు చదివేలోపే రైలు కదిలిపోయింది, ఈసారి చూసి రాస్తాను.

పట్టాల పక్కిల్లు

అందరికీ కృతజ్ఞతలు. పచ్చ జెండా గారి పాలాయన మాట మా పెదనాన్న గారికి వినిపిస్తే ఆయన ఇంకా నవ్వుతున్నారు. మేనకోడలికి ఫోన్ చేసి విశాఖ సంగతి చెప్పాను. "అయితే అరకు వెళ్లే ముందు రోజు మనం బీచ్‌లో కాళ్లు తడుపుకున్న నీళ్లేనా?" అంది. ఆ తొమ్మిదింటిలో అవీ ఉన్నాయని చెప్పాను. సెలవులు రాగానే జీ.టీ.ఎస్. రాయి చూపించాలని పట్టుబడుతోంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు స్టేషన్లలో అలాంటి రాయి మీ కంట పడి ఉంటే, ఏ గోడ పక్కన ఉందో దయచేసి తెలియజేయగలరు.