యాంటీబయాటిక్స్ వాడుతుంటే నాన్నకు పెరుగు పెట్టొచ్చా?

నమస్కారమండీ. నాన్నకు 68 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉంది. ఈ చలికాలం దగ్గు ముదిరి మూడుసార్లు యాంటీబయాటిక్స్ వాడాం. ప్రతిసారీ ఒకటే వరస. పసుపు కఫం తెల్లబడేసరికి విరేచనాలు మొదలు, నెల తిరక్కుండా మళ్లీ దగ్గు.

ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తుల్లో సూక్ష్మజీవులే ఉండవని ఒకప్పుడు అనుకునేవారట. మనిషి ఒంట్లోని సూక్ష్మజీవులపై పరిశోధనకు 2007లో అమెరికాలో మొదలైన హ్యూమన్ మైక్రోబయోమ్ ప్రాజెక్టు కూడా మొదట్లో ఊపిరితిత్తుల జోలికి పోలేదు. ఇప్పుడేమో ప్రీవోటెల్లా లాంటి బ్యాక్టీరియా అక్కడా ఉంటాయంటున్నారు. పేగుల్లోని బ్యాక్టీరియా పీచును పులియబెడితే పుట్టే కొవ్వు ఆమ్లాలు ఊపిరితిత్తుల్లో వాపును తగ్గిస్తాయని ఎలుకల్లో తేలిందట. అది చదివినప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్: మందులతో కడుపు పాడై, దగ్గు తిరగబెడుతోందా?

అమ్మేమో కఫం చేస్తుందని పెరుగు గిన్నె ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టేస్తుంది. నాన్నకు మజ్జిగన్నం లేనిదే భోజనం చేసినట్టుండదు. పోనీ పీచు ఉంటుందని రాగి సంకటి, చిక్కుడుకాయ పెడితే కడుపు ఉబ్బి ఆయాసం ఎక్కువైంది.

మాత్రకూ పెరుగుకూ ఎంత ఎడం ఉంచాలి? ఇలాంటి పేషెంట్లకు ప్రోబయోటిక్ సాషేలు (మంచి బ్యాక్టీరియా ఉండే పొడి ప్యాకెట్లు) పనిచేశాయా? ఛాతీ డాక్టరుగారు రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపేశారు, అడిగే వీల్లేకపోయింది. గ్యాస్ట్రో డాక్టరుకు కూడా చూపించాలా? ఇన్‌హేలర్ ఆపమనే సలహాలు మాత్రం వద్దండీ.