అప్‌డేట్: విమానంలో పాప చెవినొప్పి, చివరికి ఏం పనిచేసిందంటే

14 గంటల ప్రయాణం, రెండేళ్ల పాప, పోయినసారి విమానం దిగేటప్పుడు చెవులు పట్టుకుని ఒకటే ఏడుపు, ఈసారి ఏం చేయాలి అని అడిగాను కదా. నిన్న క్షేమంగా చేరాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బయల్దేరే ముందు పిల్లల డాక్టరుకు చూపించాం. ఇన్ఫెక్షన్ ఏమీ లేదు, కిందికి దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారడం వల్లే నొప్పి అన్నారు. మీలో ఒకరు చెప్పినట్టే ల్యాండింగ్‌కు అరగంట ముందు పాపను లేపి, స్ట్రా కప్పుతో కొంచెం కొంచెంగా నీళ్లు తాగించాను. గాఢనిద్రలో ఉన్న పిల్లను లేపడానికి మనసొప్పలేదు గానీ, గుటక వేస్తే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుందట, నిద్రలో గుటకలు తక్కువ పడతాయట, అందుకే లేపాలి. ఈసారి చెవి మీద చెయ్యి కూడా వేయలేదు!

నిద్రమందు వద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. సంచి నిండా సర్దిన బొమ్మలు అవసరమే పడలేదు. చేతిసంచిలో పెద్దవాళ్లకూ ఒక జత బట్టలు పెట్టుకోమన్న సలహా మాత్రం బాగా పనికొచ్చింది, పాలు ఒలికింది నా మీదే.